ఒక్కసారే అడిగారు

అక్టోబరు పద్నాలుగో తేదీ పగటి షిఫ్టు ముగిసేసరికి ఆసుపత్రి బట్టల విభాగంలో అతను మడిచిన గౌన్లు నూట ఎనభై ఆరు. ఒక్క షిఫ్టులో అన్ని మడిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. అది అతని విడాకులు ఖాయమైన రోజు. అతని చేతుల వేగం చూసి, పక్కన ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే ఆవిడ మొదట మెచ్చుకుంది, తర్వాత భయపడింది.

ఆపరేషన్ గౌను మడవడానికి ఒక పద్ధతి ఉంది. ఉతికి ఆరిన గౌనును ముందుగా అడుగున దీపాలున్న గాజు బల్ల మీద పరచి, చిరుగులూ వదులు దారాలూ ఉన్నాయేమో చూడాలి. తర్వాత లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి, చేతులు లోపలికి దోపి, కట్లు చిక్కుపడకుండా సర్ది, పొరలు పొరలుగా మడవాలి. వేసుకునే మనిషి మెడ దగ్గర పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే గౌను మొత్తం విచ్చుకోవాలి. బయటి వైపు చేతికి తగలకూడదు. అతను మడిచిన గౌన్లు పై అంతస్తులోని ఆపరేషన్ గదికి వెళ్లేవి. వాటిని అక్కడ వేసుకునే నర్సుల్లో అతని భార్య ఒకరు. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె అతని భార్య కాదు.

ఆ కబురు ఫోనులో వచ్చింది. చేసినవాడు బావమరిది. ఆమె తమ్ముడు, అదే ఊళ్లో కార్ల షోరూములో అమ్మకాలు చూస్తాడు.

"అయిపోయింది బావా. ఇకమీద నిన్ను బావా అని పిలవొచ్చో లేదో, వకీలుని అడగడం మర్చిపోయాను."

"పర్లేదులే, పిలువు," అన్నాడు అతను. ఫోను జేబులో వేసుకుని ఇంకో గౌను అందుకున్నాడు.

ఇస్త్రీ యంత్రం దగ్గరి ఆవిడను అక్కడ అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. ఏం కబురని అడిగింది. చెప్పాడు.

"మరి నువ్వు ఈ దేశంలో ఉండే అనుమతి సంగతేంటి తమ్ముడూ?"

"దానికేమవుతుంది అక్కా? ఉద్యోగం ఉందిగా."

"ఆ ఉద్యోగం చెయ్యనిచ్చింది ఎందుకు? ఆవిడ మొగుడివని. ఇప్పుడు నువ్వు ఎవరి మొగుడివి?"

"అంటే ఒకే రోజు రెండు ఉద్యోగాలూ పోయాయంటావు," అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. యంత్రం ఆపి అతని వైపు తిరిగింది. "పిల్లని చూసుకునే తండ్రివైతే ఉండనిస్తారు. మా వీధిలో ఒకతన్ని అలాగే ఉండనిచ్చారు. కోర్టులో ఆదివారాలు రాయించుకున్నావుగా? పాప నీ దగ్గరికి వచ్చే రోజులు?"

అతను గౌను కట్లు రెండోసారి సర్దాడు. అవి సరిగానే ఉన్నాయి.

"అడిగారక్కా," అన్నాడు చివరికి. "ఒక్కసారే అడిగారు."

ఈ జవాబు అర్థం కావాలంటే అతను పెరిగిన ఇల్లు తెలియాలి. చిన్నప్పుడే తండ్రి పోవడంతో పెదనాన్న ఇంట్లో, ఆయన కొడుకులతో పాటు పెరిగాడు. వడ్డన పెద్దమ్మది. మొదటిసారి అడగ్గానే కంచం చాచిన పిల్లాడికి ఆ ఇంట్లో ఆబగాడని పేరు పడేది. ఆ పేరు వారమంతా వదిలేది కాదు. అందుకని మొదటిసారి వద్దనాలి, రెండోసారి వద్దులే అనాలి, మూడోసారి తల వంచుకుని కంచం కొంచెం ముందుకు జరపాలి. పెద్దమ్మ మూడుసార్లు అడగకుండా ఎవరినీ దాటిపోయేది కాదు. ఆ ఇంట్లో వద్దనడం ఎంత మర్యాదో, మళ్లీ అడగడం అంత బాధ్యత. ఈ రెండో సగం అన్ని ఇళ్లలోనూ ఉండదని అతనికి ఎవరూ చెప్పలేదు. తర్వాత చీరల దుకాణంలో పనికి కుదిరాడు. వద్దులేండి, ఇంక చూపించకండి అని లేవబోయే ఆడవాళ్ల ముందు మరో మూడు చీరలు విప్పడమే అక్కడి పని. వాళ్లు మళ్లీ కూర్చునేవారు. లోకం ఇలాగే నడుస్తుందనడానికి అతనికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

నర్సు ఉద్యోగం చేస్తున్న అమ్మాయితో పెళ్లయింది. అత్తవారింట్లో మొదటి భోజనం రోజున బావమరిది, అప్పటికి కాలేజీ కుర్రాడు, వడ్డిస్తూ వచ్చి, "బావా, పాయసం?" అన్నాడు. "వద్దు," అన్నాడు ఇతను. కుర్రాడు గిన్నె పట్టుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయి మళ్లీ రాలేదు. వరుస మొత్తం పాయసం తింది. కొత్త అల్లుడు విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ పూట నుంచి అతని పేరు వద్దులే బావ. సాయంత్రం భార్య ఒక గిన్నెలో పాయసం దాచి తెచ్చి, వేళ్లు మడిచి లెక్కపెడుతూ మూడుసార్లు అడిగింది. మూడో వేలు మడిచేలోపే ఇద్దరికీ నవ్వాగలేదు. వాళ్లిద్దరూ సుఖంగా ఉన్న రోజుల్లో అది మొదటిది.

ఆమెకు పరాయి దేశంలో, పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఉండే అనుమతి ఆమెది; ఆమె భర్తగా అతనికి, తర్వాత పుట్టిన పాపకి, ఆ అనుమతికి అనుబంధంగా చోటు దొరికింది. కొన్నాళ్లు అతను ఇల్లు చూసుకున్నాడు. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక అదే ఆసుపత్రి బట్టల విభాగంలో చేరాడు. చీరలు మడిచిన చేతులకు గౌన్లు ఇట్టే అలవాటయ్యాయి.

రెండేళ్లు గడిచాక విభాగం పెద్ద అతన్ని గదిలోకి పిలిచింది. ఆవిడ ఈ భాష మనిషి కాదు, ఈ మర్యాదలూ ఆవిడవి కావు. "నీ పేరు మీద సొంత అనుమతికి ఆసుపత్రి తరఫున రాస్తాను. ఇష్టమేనా?" అని అడిగింది. "వద్దులేండి, మీకెందుకు శ్రమ? మా ఆవిడ మీద ఉందిగా," అన్నాడు. సరే అని ఆవిడ వేరే పనిలో పడింది. అతను తలుపు దగ్గర కొంచెంసేపు నిలబడి, ఇంకోసారి అడుగుతుందేమోనని చూసి, వచ్చేశాడు. ఆ అవకాశం తర్వాతి వరుసలో ఉన్న మనిషికి వెళ్లింది. ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు భార్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. ఆ పూట ఇంక తినలేదు.

ఆమె వైపు నుంచి కూడా చూడాలి. ఆపరేషన్ గదిలో సర్జన్ చెయ్యి చాపి ఒకసారి అడుగుతాడు. ఆ చేతిలో వస్తువు పడాలి. రోజంతా అలాంటి గదిలో నిలబడి వచ్చిన మనిషి ఇంట్లో అన్నానికి మూడుసార్లు, బయటికి వెళ్దామా అన్నదానికి మూడుసార్లు, ఒంట్లో బాగాలేదా అన్నదానికి మూడుసార్లు అడగాలి. మొదట్లో నవ్వుతూ అడిగింది. తర్వాత అలవాటుగా, ఆ తర్వాత పళ్లు బిగించి అడిగింది. అతను కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. ఎందుకు విడిపోతున్నావని అడిగినవాళ్లకు చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క గాయమైనా లేదు. అది ఆమెను ఇంకా కఠినంగా మార్చింది.

ఒప్పందం ఆగస్టులో, అక్కడ స్థిరపడిన మన భాష వకీలు ఆఫీసులో జరిగింది. కింద తాళంచెవులు చేసే దుకాణం; అక్కడ యంత్రం తిరిగినప్పుడల్లా పైన బల్ల మీద నీళ్ల గ్లాసు వణికేది. అతను ఇంకా రాలేదు. వకీలు ఆమెకీ, ఆమె తమ్ముడికీ వరండాలో విషయం వివరించాడు.

"నెలకి రెండు ఆదివారాలు పాపని చూసే హక్కు తండ్రికి ఉన్నా చాలు, దాన్ని పట్టుకుని ఆయన ఇక్కడ ఉండటానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే విడాకులతో పాటే అనుమతి పోతుంది. ఆయన్ని అడగకుండా నేను రాయలేను. అడగడం నా వృత్తిధర్మం."

"అడగండి, ఎవరు వద్దన్నారు?" అన్నాడు బావమరిది. ఎవరిని ఎన్నిసార్లు అడగాలో తెలియడం మీదే అతని జీతం నడుస్తుంది. "కాకపోతే ఒక్కసారే అడగండి. మా బావని రెండోసారి అడిగితే ఒప్పేసుకుంటాడు."

వకీలు నవ్వాడు. "మా మేనమామ ఒకాయన ఉండేవాడు, అచ్చం ఇంతే. పెళ్లిభోజనాల్లో ఆకలితో లేచిపోయేవాడు."

ఆమె గోడవైపు చూస్తూ నిలబడింది. కాదనలేదు.

అతను ఇస్త్రీ చేసిన చొక్కాతో వచ్చాడు. వేరే వకీలుని పెట్టుకుంటారా అని అడిగితే, "వద్దులేండి, ఇంట్లో విషయమేగా," అన్నాడు. వకీలు పాప గురించి చదివి వినిపించి తల ఎత్తాడు.

"పాపని చూడటానికి మీకు ఆదివారాలు రాయమంటారా?"

ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. బస్సులో వస్తూ మొత్తం అనుకుని పెట్టుకున్నాడు. ముందు వద్దంటాడు. తండ్రివి కదా, అదేం మాట అంటారు. పాప చదువుకి అడ్డం అవుతానేమో అంటాడు. ఫర్వాలేదు, రావాలి అంటారు. అప్పుడు తల వంచుకుని, సరే, మీ ఇష్టం అంటాడు. ప్రతి ఆదివారం కావాలని అడగలేడు గానీ, వాళ్లే ఇస్తే తీసుకుంటాడు.

"వద్దులేండి," అన్నాడు భార్య వైపు చూస్తూ. "పాప వాళ్లమ్మ దగ్గరే ఉండనీండి. నాకేమీ వద్దు."

కింద యంత్రం తిరిగింది. గ్లాసు వణికింది. యంత్రం ఆగేవరకు ఎవరూ మాట్లాడలేదు, ఆగాక కూడా మాట్లాడలేదు. వకీలు రాసుకున్నాడు. అతను ఇంకా భార్య వైపే చూస్తున్నాడు. ఆమె సంచిలో కళ్లజోడు వెతుక్కుంటోంది.

బావమరిది కలం మూత తీసి అందించాడు. "నీది పెద్ద మనసు బావా."

అతను దాన్ని గౌరవం అనుకున్నాడు. సంతకం చేశాడు.

ఇస్త్రీ అక్క పోరు పడలేక అక్టోబరు చివర్లో అనుమతుల కార్యాలయానికి వెళ్లాడు. అద్దం వెనక కూర్చున్న ఉద్యోగిని అతని వివరాలు తెర మీద చూసింది.

"పాపని చూసే హక్కు కోర్టు మీకు ఇవ్వలేదే?"

"నేనే వద్దన్నానండి."

"ఎందుకని?"

"మర్యాదకి."

ఆవిడ తెర వైపు చూసింది. ఎంచుకోవడానికి అక్కడున్న కారణాల్లో మర్యాద లేదు. పక్క కుర్చీలోని మనిషిని అడిగి, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంది. తండ్రికి ఆసక్తి లేదు. అది అతనికి చదివి వినిపించి, "ఇంతేనా?" అని అడిగింది. కాదన్నాడు. అయితే తల్లీ తండ్రీ కలిసి కోర్టుని అడిగి మార్పించుకోవాలని, తల్లి ఒప్పుకోకుండా ఏమీ జరగదని, నవంబరు రెండో ఆదివారం దాటకుండా దేశం విడవాలని చెప్పింది. కసురుకోలేదు. ఆ నెమ్మదితనం వల్ల అతనికి కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

అక్కడి నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్లాడు. నిన్నమొన్నటి దాకా అదే అతని ఇల్లు. తలుపు ఆమే తీసింది. పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ముక్కు మీద మాస్కు అంచు గీత ఇంకా ఉంది.

"కూర్చోండి."

"వద్దులే," అన్నాడు అలవాటు కొద్దీ. ఆమె మళ్లీ అనలేదు. మాట్లాడినంతసేపూ నిలబడే ఉన్నాడు.

"నాకు ఆదివారాలు కావాలి," అన్నాడు.

ఆమె తలెత్తింది. ఈ మనిషి నోట ఈ మాట ఆమె ఎన్నడూ వినలేదు. "ఏమన్నారు?"

"కావాలి. పాప కావాలి నాకు. ఇద్దరం కలిసి వెళ్లి అడిగితే మారుస్తారట."

"ఈ మాట ఆ రోజు అని ఉంటే రాయక తప్పేది కాదు."

"ఇంకోసారి అడుగుతావనుకున్నా."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"తెలిసే ఊరుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. "పదకొండేళ్లు అడిగానండీ. ఏది అడిగినా మూడుసార్లు. మీకు ఆకలేస్తే అది కనిపెట్టడం నా పని. మీకు జ్వరం వస్తే ఒప్పించడం నా పని. ఆవిడెవరో పిలిచి అనుమతి ఇస్తానంటే వద్దని వచ్చారు. ఆ రోజు తీసుకుని ఉంటే ఈ రోజు నా గుమ్మంలో నిలబడేవారా?"

"నా సంగతి వదిలెయ్. పాప..."

"పాప సంగతే చెప్తున్నా. బడిలో నాటకం వేస్తున్నారు. టీచరు పిలిచి వేషం ఇస్తానందట. పాప వద్దులే అందట. టీచరు ఇంకో పిల్లకి ఇచ్చేసింది. ఇంటికొచ్చి దిండు తడిసేలా ఏడ్చింది. మళ్లీ అడగలేదమ్మా అంటుంది. ఎవరి దగ్గర నేర్చుకుందిది?"

అతను పాప గది తలుపు వైపు చూశాడు.

"మీరు ఇక్కడే ఉంటే ఇంకా నేర్చుకుంటుంది. మీరు చెడ్డవాళ్లైతే బాగుండేది, ఈపాటికి తనే దూరంగా జరిగేది. మీరంటే ప్రాణం దానికి. అందుకే ఉండకూడదు."

"మానేస్తాను. ఇప్పుడు అడిగానుగా, చూశావుగా."

"చూశాను," అంది. "ఆలస్యంగా చూశాను."

వంటింట్లోంచి బావమరిది తల బయటికి పెట్టాడు. "బావా, టీ తాగుతావా?"

అతను ఊపిరి పీల్చుకుని, "తాగుతా," అన్నాడు.

"అయ్యో. వద్దంటావు కదా అని రెండు కప్పులే పెట్టాను," అన్నాడు బావమరిది. తన కప్పుతో బయటికి వచ్చి గోడకి ఆనుకుని తాగాడు. "ఏం బావా, మొదటిసారే ఒప్పుకున్నావు? ఒంట్లో బాగానే ఉందా?"

ఆమె తమ్ముణ్ణి మందలించలేదు. తలుపు పట్టుకుని నిలబడింది, అతను వెళ్లేవరకు.

చివరి రోజు విభాగం పెద్ద అతని గుర్తింపు కార్డు తీసుకుని, చెయ్యి కలిపి, మంచి పనివాణ్ణి పోగొట్టుకుంటున్నామంది. ఇస్త్రీ అక్క గుడ్డలో కట్టిన పొట్లం తెచ్చింది. "దారిలో తింటావు, తీసుకో తమ్ముడూ," అంది. రెండోసారి అనాల్సిన మాట, మూడోసారి పెట్టాల్సిన ఒట్టు, అన్నీ నోట్లో సిద్ధం చేసుకుని వచ్చింది.

"ఇవ్వక్కా," అని రెండు చేతులూ చాచాడు.

ఆవిడకు ఏం చెయ్యాలో తోచలేదు. పొట్లం ఇచ్చేసి, ఆగి ఉన్న యంత్రాన్ని మళ్లీ ఆపడానికి వెళ్లింది.

నవంబరు రెండో ఆదివారం ఉదయం తల్లి పాప గది తలుపు దగ్గర నిలబడింది. "నాన్న వెళ్తున్నారు. విమానాశ్రయానికి వెళ్దామా?"

ఎనిమిదేళ్ల పాప మంచం మీద కూర్చుని ఉంది. సాక్సులు వేసుకుని ఉంది. "వద్దులే," అంది.

"సరే," అని తల్లి వంటింట్లోకి వెళ్లింది.

విమానాశ్రయంలో అతను లోపలికి వెళ్లే వరుసలో నిలబడి, వెనక ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే ముందుకు పంపాడు. మీరు వెళ్లండి, ఫర్వాలేదు, మీరు వెళ్లండి. అద్దాల తలుపులు తెరుచుకున్నప్పుడల్లా అటు చూశాడు. పంపడానికి వెనక ఎవరూ మిగలనప్పుడు లోపలికి వెళ్లాడు.

తర్వాతి వారం, ఆదివారం సాయంత్రం, అతను పెదనాన్న కొడుకు ఇంటి నుంచి ఆమెకు ఫోను చేశాడు. చీరల దుకాణం పాత యజమాని మళ్లీ పనిలో చేర్చుకున్నాడని చెప్పాడు. ఆమె మంచిదంది.

"పాపతో మాట్లాడతాను," అన్నాడు. మాట్లాడొచ్చా అని కూడా అడగలేదు.

ఆమె ఫోను చెవికి కొంచెం దూరంగా జరిపింది. "నాన్నతో మాట్లాడతావా?"

"వద్దులే," అంది పాప.

ఆ మాట అవతలికి కూడా వినిపించింది. ఆమె నాలుక మీదికి రెండో ప్రశ్న దానంతట అదే వచ్చింది. అన్నేళ్ల అలవాటు. మింగేసింది.

"వద్దంటోంది," అంది ఫోనులో.

"ఇంకోసారి అడుగు," అన్నాడు అతను. "ఒక్కసారి. నీకు తెలుసుగా."

"ఈ ఇంట్లో ఎవరినైనా ఒక్కసారే అడుగుతామండీ ఇకమీద. అదే నేర్చుకుంటుంది."

ఫోను పెట్టేసి, పాప రాసుకుంటున్న బల్ల వైపు తిరిగింది. పాప అప్పటికే పెన్సిలు కింద పెట్టి, చేతులు ఫ్రాకుకి తుడుచుకుని, కుర్చీలోంచి దిగి నిలబడి ఉంది.